సరంగు వాటా

బూరుగుమెట్ట
8 ఫిబ్రవరి 2024

ప్రియమైన ఈశ్వరి అక్కకు,

ప్రభువు పేరిట వందనాలు. మీ తమ్ముడు దానియేలు ఇక్కడ క్షేమం. మీరు, బావగారు, నాన్నగారు కూడా క్షేమమని తలుస్తాను.

ఈ కొండమీద ఫోను పలకదు. టవరు వేస్తామని ఎవరో వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళారట, అది నేను రాకముందు సంగతి. వారానికొకసారి సంత జీపు పాడేరు వెళ్తుంది. డ్రైవరు చేతికి ఉత్తరమిస్తే పోస్టులో వేస్తాడు. మీరు పాడేరులో మా మిషను ఆఫీసుకు రాస్తే అదే జీపులో నాకు చేరుతుంది. పది రోజులు పట్టొచ్చు, పదిహేను కూడా పట్టొచ్చు.

ఊళ్ళో ఇరవై రెండు గడపలు, అందరూ కోందు వాళ్ళు. వాళ్ళ భాష నాకింకా నోరు తిరగడం లేదు, సంతలో మాట్లాడే తెలుగుతో నెట్టుకొస్తున్నాను. పొద్దున్న పిల్లలకు పలకల మీద అక్షరాలు. తర్వాత మందుల పెట్టె, జ్వరాలకు మాత్రలు, పుళ్ళకు కట్లు. ఆదివారం పాకలో ప్రార్థన. వచ్చేది ఏడుగురు, అందులో నలుగురు చివర్లో పంచే అటుకుల కోసం. ఊరిపెద్ద మొదటి రోజే చెప్పేశాడు, మీ దేవుడు మంచివాడే కావచ్చుగాని మా కొండకు మా దేవుడే అలవాటు అని. ఆయన మాట సూటిగా ఉండడం నాకు నచ్చింది.

ఇక్కడ కిల్లో బుద్రు అని ఒక ముసలాయన ఉన్నాడు. కల్లు కోసం జీలుగు చెట్టెక్కి పడిపోయాడు, తుంటి విరిగింది. భార్య లేదు, పిల్లల్లేరు. చుట్టాలు తెల్లారగానే పోడు పనికి పోతారు. పడుకుని పడుకుని వీపంతా పుండైంది. రోజూ పొద్దున్నే నేనే ఎత్తుకుని ఎండలో కూర్చోబెడతాను, కడుగుతాను, గంజి తాగిస్తాను. మొదటి వారం నన్ను తిట్టాడు. ఇప్పుడు ఆలస్యమైతే తిడుతున్నాడు.

నాన్నగారు నామీద ఇంకా కోపంగానే ఉన్నారా? నేను బాప్తిస్మం తీసుకుని వచ్చిన రోజు, రేపు నాను పోతే కొరివెవుడు పెడతాడ్రా అని అడిగారు. అది నావల్ల కాదు నాన్నా అన్నాను. నా నమ్మకం ఇప్పటికీ అదే. కానీ ఆ మాట అంత ఠక్కున అనకుండా ఉండాల్సింది. బోటు నడిపే సరంగుగా అందరినీ హడలగొట్టే మనిషి, ఆ రోజు తల దించుకుని హార్బరుకు వెళ్ళిపోయారు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. వినకపోతే బలవంతం చెయ్యకండి.

ప్రభువు సేవలో,
మీ తమ్ముడు
దానియేలు


జాలారిపేట, విశాఖపట్నం
25 ఫిబ్రవరి 2024

ఒరే తాతబాబూ,

ఎవుడ్రా ఆ దానియేలు? ఎవుడి కాయితమో మనింటికి వచ్చీసిందేమో అనుకున్నాను. తాత సముద్రంలో పోయిన ఏడాదికి నువ్వు పుట్టినావని నాన్న ఆ పేరు ఎట్టినాడు. నీ మిషనోళ్ళు నిన్నేటని పిలుసుకున్నా నాకు పర్లేదు, నా కాడ మాత్రం తాతబాబువే. ఇంకోటి, నన్ను మీరు గీరు అన్నావంటే ఈసారి కాయితం పొయ్యిలో ఎడతాను. ముక్కు కారుతుంటే తుడిసిన అక్కనిరా నాను. నీ ఉత్తరం సదువుతుంటే రేడియోలో వార్తలు ఇన్నట్టుంది. మనింట్లో మాటలు రాయి.

నాను ఎప్పట్లాగే తెల్లారకముందు హార్బరుకెళ్ళి వేలంపాటలో సేపలు కొంటన్నాను, పూర్ణా మార్కెట్టులో కూకుని అమ్ముతన్నాను. మీ బావ దొరబాబు బోటు మీదే ఉన్నాడు. ఆయనకి నీ మీద కోపం నేదు, ఆయనకి ఎవుడి మీదా కోపం నిలవదు, అదే ఆయన జబ్బు.

నీ కాయితం నాన్నకి సదివినాను. నాకేసి ఈపు ఎట్టి కూకున్నాడు, వల బాగుసేస్తన్నట్టు. సేతులు మాత్రం కదల్లేదు. కొరివి మాట కూడా దాటెయ్యకుండా సదివీసినాను. అంతా అయిపోయాక ఏటంటాడో అని సూస్తే, ఆ ముసలోడి ఈపు పుండు మానిందా అని అడిగినాడు. అంతే. నీ గురించి ఒక్క ముక్క నేదు.

మర్నాడు తనే ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి తెచ్చి ఇచ్చినాడు. బుద్రుకి పంపు, కొండోళ్ళకి ఉప్పుసేప దొరకదు అన్నాడు. ఈ కాయితంతో పాటు పంపుతన్నాను. దారిలో నువ్వు తినీకు.

నాన్నకి ఈ మద్దిన అన్నం సయించట్లేదు. వయసు కదా.

నీ అక్క
ఈశ్వరి


బూరుగుమెట్ట
14 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగింది. సరే, మనింటి మాటలే రాస్తాను. బైబిలు స్కూల్లో మూడేళ్ళు నాచేత పుస్తకం భాషే రాయించారు, ఒక్కసారిగా పోదు.

నెత్తళ్ళు బుద్రు తాతకిచ్చాను. నిప్పుల మీద కాల్చి అంబలితో తిన్నాడు. ఇవి ఎవరు పంపారంటే మా నాన్న అన్నాను. మీ అయ్యకి నేనెలా తెలుసన్నాడు. నేను రాశానన్నాను. ఇంకొకటి కాల్చుకుని తిన్నాడు. తర్వాత, మీ అయ్య చేతికి ఉప్పు బాగా తెలుసు అన్నాడు. ఇది నాన్నకి చెప్పు.

కానీ అక్కా, నాన్న ఆ మాట ఎటకారానికి అడిగాడా? ఇంట్లో ముసలాణ్ణి వదిలేసి ఊళ్ళో ముసలాణ్ణి కడుగుతున్నావని నాకు తగిలేలా అన్నాడా? వారం రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది.

ఇక్కడ ఒక కష్టం జరిగింది. మొన్న ఒకామెకి నొప్పులు మొదలైతే డోలీ కట్టి దించాం. రోడ్డుకి నాలుగు గంటల నడక. ముందు కర్ర నా భుజం మీదే ఉంది. వాగు దాటేటప్పుడే పుట్టింది, ఆడపిల్ల. ఏడవలేదు. నేను ప్రార్థన చేశాను, గట్టిగానే చేశాను. తల్లి నన్ను చూసి, ఊరుకో అంది. కోపంతో కాదు, బిడ్డ పడుకుంటే అంటాం చూడు, అలా అంది. ఆదివారం పాకలో వాక్యం పక్కనపెట్టి పాట ఒకటి పాడి పంపేశాను. మిషను అయ్యగారికి పంపే రిపోర్టులో ఎంతమంది విన్నారు అని ఒక గడి ఉంటుంది. ఈ నెల దాన్ని ఖాళీగా వదిలేశాను.

ఇంకొక్క మాట. నేను వచ్చి ఆరు నెలలైంది. ఎప్పుడొస్తావురా అని నువ్వు అడగలేదు, నాన్న అడగలేదు. రావొద్దనేనా? అదే అయితే ఆ ముక్కే రాసెయ్యి, పడతాను.

నీ తమ్ముడు
తాతబాబు


జాలారిపేట
18 ఏప్రిల్ 2024

తమ్ముడూ,

నీ కాయితం వచ్చి సాన్నాళ్ళయింది. రాయడానికి కూకుంటాను, సెయ్యి కదలదు. ఇయ్యాల నాన్న ఎదురుగా కూకోబెట్టి రాయమన్నాడు, ఇంతే రాయమన్నాడు.

ఆ పిల్లతల్లి సంగతి సదివి ఏడిసినాను. ఆ తల్లి కాడికి రోజూ ఒకసారి ఎల్లి పలకరించు. దేవుడి మాటలొద్దు. ఊరికే కూకో.

బుద్రు తాత ఉప్పు మాట నాన్నకి సెప్పినాను. నాన్న మొకంలో నవ్వు సూసి నాకు ఎంత కాలమయిందో. అయ్య అని అన్నాడా, ఆడు నాకన్నా పెద్దోడే కదా అన్నాడు. ఆ పుండు కాడ ఎండు బట్ట ఎయ్యమన్నాడు, తడిబట్ట ఎయ్యొద్దన్నాడు. రోజూ పక్క మార్సి పడుకోబెట్టమన్నాడు.

నాన్న వేట మానీసినాడు. వలలన్నీ మీ బావకి ఇచ్చీసినాడు. గడపలో కూకుని హార్బరుకేసి సూస్తంటాడు.

ఇంతకన్నా ఏటీ రాయొద్దన్నాడు. నాను ఒట్టేసినాను. నువ్వు సరంగు కొడుకువి, నీకు తెలుస్తాది.

ఈశ్వరి


బూరుగుమెట్ట
4 మే 2024

అక్కా,

నీ ఉత్తరం చూసి ప్రాణం కుదుటపడింది. ఇన్నాళ్ళూ రాకపోతే ఏమైందోనని భయపడ్డాను. నాన్న నవ్వాడని రాశావు, అది నాలుగుసార్లు చదువుకున్నాను. బుద్రు తాతకి కూడా చదివి వినిపించాను.

నాన్నని ఈ రెండు నెలలూ బాగా రెస్ట్ తీసుకోమను. ఎలాగూ సర్కారు నిషేధమని అందరూ వేట మానేసేదే కదా. ఏటా ఈ రోజుల్లో ఆయన్ని గడపలో కూర్చోబెట్టడం బతికున్న రోజుల్లో అమ్మ తరం కూడా అయ్యేది కాదు, ఈసారి తనంతట తనే కూర్చున్నాడంటే మంచిదే. వలలు బావ బాగుచేస్తే బాగానే చేస్తాడు, కాకపోతే నాన్న పక్కన నిలబడి వంకలు పెడతాడు.

అక్కడ వేట ఆగింది, ఇక్కడేమో వేట మొదలైంది. ఇటుకల పండుగ వచ్చింది. మగాళ్ళంతా విల్లులు పట్టుకుని అడవికి పోయారు, మూడో రోజు వట్టి చేతులతో వచ్చారు. అలా వస్తే ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకోరు, పేడనీళ్ళు కొడతారు. నేను అడవికి పోనేలేదు, అయినా నామీదా కుండెడు పడింది. అందరికన్నా గట్టిగా కొట్టింది ఎవరనుకున్నావు, ఆ పిల్లతల్లి. కొట్టి నవ్వింది. నువ్వు చెప్పినట్టే రోజూ వెళ్ళి ఊరికే కూర్చుంటున్నాను.

నాన్న చెప్పినట్టు ఎండు బట్ట వేస్తున్నాను. పుండు అంచులు ఎర్రగా పడుతున్నాయి, అంటే మానుతున్నట్టే. తాత ఇప్పుడు గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడుతున్నాడు.

రావొద్దనేనా అని నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. సరేలే.

నీ తమ్ముడు
తాతబాబు


జాలారిపేట
17 మే 2024

తాతబాబుకి,

నీ కాయితం అందింది. సదివినాను.

నాన్న రెస్టు తీసుకుంటన్నాడు. నువ్వు సెప్పినట్టే బాగా తీసుకుంటన్నాడు.

బుద్రు ఎలగున్నాడు, గోడ వదిలి నిలబడినాడా అని అడగమన్నాడు. అడిగినాను.

ఈశ్వరి


జాలారిపేట
15 జూన్ 2024

తాతబాబూ,

ఇయ్యాల రెండు నెలల వేట నిషేధం అయిపోయింది. తెల్లారేసరికి బోట్లన్నీ ఎల్లినాయి. నాన్న బోటు మీ బావ తోలుకెళ్ళినాడు. నాను ఒడ్డున నిలబడి సూసి వచ్చి ఇది రాస్తన్నాను. నోటితో నీతో మాటాడలేకపోనాను, అందుకే కాయితం.

మొన్న నువ్వొచ్చి ఎనిమిది రోజులు మనింట్లో ఉన్నావు. నాను నీకు అన్నం ఎట్టినాను గాని మొకం సూల్లేదు. ఎందుకో నీకు తెలియాల. ఏప్రిల్లో నీకు రాసినాను, నాన్న వేట మానీసినాడని. గవర్రాజు సరంగు వేట మానీసినాడంటే దానికి ఇంకో అర్థం ఏటుంటాది? కడుపులో గడ్డ ఉన్నాదని, కొయ్యడానికి టైము దాటిపోయిందని పెద్దాసుపత్రిలో సెప్పీసినారు. జబ్బు మాట రాయొద్దని నాన్న నాసేత ఒట్టేయించుకున్నాడు. అందుకే సెప్పకుండా సెప్పినాను. నువ్వేమో రెస్టు తీసుకోమన్నావు, పేడనీళ్ళ కత రాసినావు. ఆ కాయితం నాన్నకి సదువుతుంటే నా నాలిక కొరుక్కోవాలనిపించింది.

ఎప్పుడొస్తావని మేము అడగలేదని ఏడిసినావు కదా. నీళ్ళమీదికెళ్ళినోణ్ణి ఎప్పుడొస్తావని ఎవరైనా అడుగుతారా మనింట్లో? తాతని ఎల్లిన రోజు నాయనమ్మ అడిగింది, ఆయన రాలేదు. నువ్వు కొండెక్కిన కాడినుంచి నాన్న నిన్ను వేటకెళ్ళినోడి కిందే సూసినాడు. అందుకే అడగనివ్వలేదు.

మే ఇరవై ఏడున పోనాడు. నీ మిషను ఆఫీసుకి మీ బావ పదిసార్లు ఫోను సేసినాడు. నువ్వు పక్క ఊళ్ళో ఉన్నావన్నారు, కబురు పంపినామన్నారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెప్పించి ఒక రోజు ఉంచినాము. బతికినంత కాలం సేపలకి కొట్టించిన ఐసు. ఇంక ఉంచకూడదని పెద్దోళ్ళన్నారు. కొరివి మీ బావ పట్టినాడు. మూడో రోజుకి నువ్వొచ్చినావు.

కొరివి నీవల్ల కాదన్నావు, సరే. పెద్దకర్మ రోజు నాన్న పేరు మీద వండిన అన్నం కూడా ముట్టలేదు నువ్వు. మంచినీళ్ళు తాగి బయట నిలబడినావు. అందరూ సూసినారు. సెప్పకుండా ఎల్లిపోనావు.

ఇంక రాయడానికి ఏటీ నేదు.

ఈశ్వరి


బూరుగుమెట్ట
28 జూన్ 2024

అక్కా,

ఏప్రిల్లో వేట మానీసినాడంటే నిషేధం అనుకున్నాను. ఒట్టు. ఏప్రిల్ పదిహేను దాటితే మన పేటలో ఎవుడు వేటకెళ్తాడు? నువ్వు రాసింది పద్దెనిమిదిన. వలలు బావకిచ్చాడంటే బాగుసెయ్యడానికనుకున్నాను. సరంగు కొడుకుని కాబట్టే తప్పుగా సదివినాను అక్కా. వేరే ఎవుడైనా అయ్యుంటే, ఎందుకు మానీసినాడని అడిగుండేవోడు.

మనింటికొచ్చాక బావ సెప్పినాడు, జబ్బు నాలుగు నెలలుగా ఉన్నాదని. నువ్వు నాకు దాసినావనుకున్నాను. నాన్న నన్ను రానివ్వొద్దన్నాడు, నువ్వు సరేనన్నావు అనుకున్నాను. అందుకే నానూ నీ మొకం సూల్లేదు. ఆ అన్నం ముట్టకపోవడం మాత్రం నా నమ్మకం. అది తప్పో ఒప్పో ఇప్పుడు నాకు తెల్దు. బయట నిలబడి ఆకలితో కళ్ళు తిరిగినాయి, అయినా లోపలికి రాలేకపోయాను.

ఇక్కడ ఇంకొకటైంది, అది సెప్పుకోడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చిన రోజు బుద్రు తాత కాడికెళ్ళాను. ఇన్నాళ్ళు ఏటైపోయావని తిట్టబోయి నా మొకం సూసి ఆగినాడు. మా నాన్న పోనాడు తాతా అన్నాను. ఉప్పు పంపిన అయ్యా అన్నాడు. అవునన్నాను. ఎన్నాళ్ళు జబ్బన్నాడు. నాలుగు నెలలన్నాను. ఆయన గోడకేసి సూసి ఏలు మడిసి నెలలు ఎంచుకున్నాడు. నన్ను నువ్వు ఎత్తిందీ ఆ నాలుగు నెలలే కదా అన్నాడు.

తర్వాత ఈ మాట అన్నాడు: "మా కాడ వేటలో ఒకడి వాటా ఇంకొకడు తినడు. మీ అయ్య వాటా నాను తినీసినాను."

అంతే అక్కా. ఆ రోజు నుంచి నన్ను ముట్టుకోనివ్వట్లేదు. అంబలి తెస్తే మూతి తిప్పుకుంటాడు. పొరుగోళ్ళు పెడితే రెండు ముద్దలు తింటాడు, వాళ్ళు పనికి పోతే అదీ లేదు. తన గుడిసెలోనే పడుకుని ఉంటన్నాడు. పుండు మళ్ళీ పచ్చిదైంది. నాను రోజూ గిన్నె పట్టుకుని ఎల్తాను, సల్లారిపోయాక తిరిగొస్తాను. ఎన్ని విధాల సెప్పినా, నువ్వు కొడుకువి, నువ్వు అలాగే సెప్తావు అంటాడు.

నాన్న కాడికి రాలేదు. ఈయన కూడా పోతాడు. ప్రార్థన సేద్దామని కూకుంటే డోలీలో ఆ తల్లి అన్న మాటే గుర్తొస్తంది, ఊరుకో అని.

అక్కా, నాన్న పోయేముందు నన్నేటైనా అన్నాడా? తిట్టినా సరే, సెప్పు.

తాతబాబు


జాలారిపేట
10 జూలై 2024

తమ్ముడూ,

ఇది నీకు కాదు, బుద్రు తాతకి. నువ్వు అంబలి కాసి పట్టుకెళ్ళి పక్కన కూకుని గట్టిగా సదువు. ఒక్క ముక్క మింగీకు. నువ్వు అడిగింది కూడా ఇందులోనే ఉన్నాది.

తాతా,

నాను ఈశ్వరిని, గవర్రాజు సరంగు కూతుర్ని. నువ్వు మా నాన్నని సూల్లేదు, మా నాన్న నిన్ను సూల్లేదు. గాని మా ఇంట్లో నీ పేరు లేకుండా పొద్దు గడిసేది కాదు. తన ఈపు మంచానికి అంటుకుపోయి ఆయన మూలుగుతుంటే నాను పక్క మార్సేదాన్ని. మార్సినప్పుడల్లా, అక్కడ బుద్రుని కూడా ఈపాటికి తిప్పుంటాడు అనేవోడు. నువ్వు గోడ పట్టుకుని నిలబడినావని ఇన్న రోజు, రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అదే ఆఖర్న తిన్న అన్నం.

మే నెలలో నాకు ఓపిక సచ్చిపోయి కాయితం తీసినాను, తమ్ముడూ బేగి రా అని రాయడానికి. నాన్న నా సెయ్యి పట్టుకున్నాడు. పెన్ను పక్కనెట్టించినాడు. "ఆడొచ్చీస్తే ఆ ముసలోణ్ణి ఎవుడు లేపుతాడే? నాకు నువ్వున్నావు, దొరబాబున్నాడు. ఆడికెవుడున్నాడు?" అన్నాడు. తమ్ముడి మీద కోపమా నాన్నా అని అడిగినాను. కొరివి ఎవుడైనా పెడతాడే, బతికున్నోణ్ణి ఎత్తేవోడు ఎక్కడ దొరుకుతాడు అన్నాడు. అదీ ఆయన అన్న మాట. ఇది నాను తమ్ముడికి సెప్పలేదు. నాకు ఆడి మీద కోపం, దాసీసినాను. అది నా తప్పు.

మీ కాడ ఒకడి వాటా ఇంకొకడు తినడని అన్నావట. మా కాడా అంతే. బోటులో ఎవుడి వాటా ఆడిదే. గాని మాకు ఇంకో పద్ధతి ఉన్నాది. ఒకడు జబ్బు సేసి బోటెక్కలేకపోతే, సరంగు తన వాటాలోంచి సేప తీసి ఆడింటికి పంపుతాడు. ఆడు అడగడు, సరంగు సెప్పడు. గిన్నెలో ఎట్టి గడపలో ఎట్టి వచ్చీస్తారు. దాన్ని ఎనక్కి పంపకూడదు. పంపితే సరంగు మొకం మీద కొట్టినట్టే.

మా నాన్న వాటా నువ్వు తినీలేదు తాతా. ఆయనే తీసి నీకు పంపినాడు. ఆయనకున్నది ఒక్కడే కొడుకు. తనకి కావాల్సొచ్చిన రోజుల్లో, తెలిసే, నీ కాడ ఉంచినాడు.

ఇది సదువుతూ మా తమ్ముడు ఏడిస్తే ఏడవనీ. మా ఇంట్లో ఆణ్ణి ఎవరూ ఏడవనివ్వలేదు.

ఆడి సేతిలో గిన్నె ఉంటాది. సల్లారిపోకముందు తిను.

సరంగు కూతురు
ఈశ్వరి